మాత్ర వేసుకుంటున్నా బరువెందుకు మారుతోంది?

ఆరు నెలలుగా పొద్దున్నే థైరాయిడ్ మాత్ర మింగుతున్నారు. ఒక్కరోజు మానలేదు. అయినా నిరుడు కుట్టించుకున్న జాకెట్లు ఈ ఏడు పట్టడం లేదు. లేదంటే దీనికి తలకిందులు. తిండి ఎప్పటిలాగే తింటున్నారు, చీర కుచ్చిళ్ళు మాత్రం జారిపోతున్నాయి. కనిపించినవాళ్ళల్లా "ఏంటమ్మా, ఇలా చిక్కిపోయావ్?" అని అడుగుతున్నారు.

అప్పుడు ఏమనుకుంటాం? పెరిగితే "ఈ మాత్ర పనిచెయ్యడం లేదు" అనుకుంటాం. తగ్గితే "మాత్ర ఎక్కువైంది" అనుకుంటాం. ఆ వెంటనే ఇంకో ఆలోచన వస్తుంది: ఓ అర మాత్ర పెంచి చూద్దామా? నాలుగు రోజులు మానేసి చూద్దామా?

అసలు చిక్కు ఆ రెండో ఆలోచనతోనే. ఈ మాత్రలో ఉండే హార్మోను థైరాక్సిన్. దాని డోసు తేల్చాల్సింది రక్తపరీక్ష, మీ ఒంట్లో కనిపించే లక్షణాలు, మీ డాక్టరు. తూకం మిషనుకి ఆ అధికారం లేదు. అది మీకో ప్రశ్న మాత్రం వేస్తుంది. దానికి జవాబు ఎక్కడెక్కడ వెతకాలో, ఏది ముందు ఏది తర్వాత వెతకాలో ఈ అధ్యాయంలో చూద్దాం. ఇది మీ ఒక్కరి బాధ అనుకోకండి. హైదరాబాదుతో సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో, పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉందని తేలింది. మీ అపార్టుమెంటు లిఫ్టులో రోజూ ఎదురయ్యేవాళ్ళలో ఎవరో ఒకరు ఇదే లెక్క వేసుకుంటూ ఉంటారు.

1. ఎంత తగ్గుతుందని ఆశ పెట్టుకున్నారు?

పెళ్ళినాటికి 54 కిలోలున్న ఒకావిడ ఇప్పుడు 72 కిలోలు అనుకుందాం. మామూలు పరీక్షల్లో టీఎస్‌హెచ్ 9 అని వచ్చింది (థైరాయిడ్ హార్మోను తగ్గినకొద్దీ పెరిగే అంకె ఇది). "అదన్నమాట సంగతి! ఇన్నాళ్ళూ ఇదే నన్ను లావు చేసింది" అనుకుంది. మాత్ర మొదలుపెట్టింది. మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గి అక్కడే ఆగిపోయింది. ఇక డాక్టరు మీద కోపం, మాత్ర మీద అపనమ్మకం.

ఆమె మాత్ర తన పని తాను చేసింది. హార్మోను తక్కువవడం వల్ల వచ్చే బరువు చాలామంది అనుకునేంత ఉండదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ లెక్కలో అది 5 నుంచి 10 పౌండ్లు, అంటే రెండు నుంచి నాలుగున్నర కిలోలు. జబ్బు ఎంత ముదిరితే అంత. అందులోనూ కొవ్వు తక్కువ, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ ఎక్కువ. మాత్ర పడ్డాక మొహంలో ఉబ్బు, కాళ్ళలో నీరు తగ్గేది అందుకే. మిగిలిన 16 కిలోలు రెండు కాన్పులతో, కూర్చుని చేసే ఉద్యోగంతో, రాత్రి పది గంటల భోజనంతో, వయసుతో వచ్చి ఉండొచ్చు. మాత్రకి వాటితో సంబంధం లేదు.

ఇది చేదు కబురులా వినిపిస్తోందా? నేనైతే మంచి కబురే అంటాను. టీఎస్‌హెచ్ కుదుటపడ్డాక మీ ఒళ్ళు అందరి ఒళ్ళులాంటిదే. "నాకు థైరాయిడ్ ఉంది కదండీ, నేనేం చేసినా తగ్గను" అన్న మాట అక్కడితో మానెయ్యొచ్చు.

2. ముందు తూకం సరిగ్గా చూడండి

నిన్న 68.2, ఇవాళ 69.4. ఒక్క రాత్రిలో కిలో పైన కొవ్వు పెరిగిందా? కుదరని పని. ఒక కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. నిన్న భోజనంలో ఆవకాయ, అప్పడాలు గట్టిగా పడ్డాయా? నెలసరి దగ్గర్లో ఉందా? రెండు రోజులుగా విరేచనం కాలేదా? ఒకటి రెండు కిలోల ఊగిసలాటకి ఇవి చాలు.

వారానికొకసారి చూసుకుంటే సరిపోతుంది. ఒకే మిషను మీద, నిద్ర లేచి బాత్‌రూముకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు చూడండి. అంకెని క్యాలెండరు మీదే రాసెయ్యండి. నాలుగు వారాలు వరసగా ఒకే వైపు నడిస్తే అప్పుడు అది మార్పు. అంతవరకూ దాన్ని పట్టించుకోకండి.

3. మాత్ర మింగుతున్నారు సరే, ఒంటికి పడుతోందా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. గుంటూరులో ఓ బ్యాంకు ఉద్యోగిని పొద్దుటి హడావిడి ఊహించుకోండి. అయిదున్నరకి లేవగానే థైరాయిడ్ మాత్ర, అదే గుక్కలో గ్యాస్ మాత్ర. ఈలోపు డికాక్షన్ దిగింది, పాలు పొంగాయి, పది నిమిషాల్లో కాఫీ గ్లాసు చేతిలో ఉంది. ఏడున్నరకి పిల్లల డబ్బాలు సర్దుతూ రెండు ఇడ్లీలు, వాటి వెనకే కాల్షియం మాత్ర. ఆమెని అడిగి చూడండి. "నేను రోజూ పరగడుపునే వేసుకుంటానండీ" అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాత్రలో ఎంత భాగం రక్తంలోకి చేరిందో ఎవరు చెప్పగలరు?

థైరాక్సిన్ మహా సుకుమారమైన మందు. మింగినదంతా ఒంటికి పట్టదు. మనిషిని బట్టి, కడుపులో ఏముందన్నదాన్ని బట్టి 40 నుంచి 80 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కాఫీ దాన్ని తగ్గిస్తుంది. కాల్షియం, ఐరన్ దాన్ని పేగులోనే పట్టేసుకుంటాయి. గ్యాస్ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, ఆ ఆమ్లం లేకపోతే ఈ మాత్ర సరిగ్గా కరగదు. మీరు వేసుకునేది 75 మైక్రోగ్రాములైనా ఒంటికి అందేది 50 లెక్కన ఉంటే నీరసం పోదు, మలబద్ధకం పోదు, బరువూ కదలదు.

రేపటి నుంచి ఇలా చేసి చూడండి.

మాత్రల సీసాని వంటింటి అరలోంచి తీసి మంచం పక్కకి మార్చండి. దాని పక్కన మూతపెట్టిన గ్లాసుతో నీళ్ళు. కళ్ళు తెరవగానే, పళ్ళు తోముకోకముందే మాత్ర వేసేసుకోండి. ఆ తర్వాత గంటసేపు మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. గంట కుదరకపోతే కనీసం అరగంట. కాఫీ ఆగమంటే ఎంత కష్టమో తెలియనిది కాదు. అందుకే లేచీ లేవగానే మాత్ర వేసుకోమనేది. స్నానం, వాకింగ్, పూజ ఏదో ఒకటి ఆ గంటలోకి జరపండి. మెంతుల నీళ్ళు, జీలకర్ర నీళ్ళు, నిమ్మరసం తేనె, కషాయం, ఇంకా యూట్యూబ్ చెప్పిన సమస్త ద్రవాలూ ఆ గంట తర్వాతే.

రాగి జావకి ఒక మాట ప్రత్యేకంగా. ఈమధ్య ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే తాగుతున్నారు, మంచిదే. అయితే రాగుల్లో కాల్షియం ఎక్కువ, పీచూ ఎక్కువ. మాత్ర వెనకే తాగకండి, టిఫిన్ వేళకి జరపండి. మీల్‌మేకర్, సోయా పాలకీ ఇదే వర్తిస్తుంది.

కాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్, జెలుసిల్ లాంటి యాంటాసిడ్లకి నాలుగు గంటల ఎడం కావాలి. ఇందులో లెక్కలేమీ వేసుకోనక్కర్లేదు, వాటిని మధ్యాహ్న భోజనం దగ్గరికో రాత్రికో తోసెయ్యండి. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్ళు మాత్రం ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఎడం పాటించినంత మాత్రాన ఆ చిక్కు తీరదు. ఒక్కోసారి థైరాక్సిన్ డోసే సర్దాల్సి వస్తుంది. అసలు ఆ గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అన్నది కూడా అడగండి. ఎవరో పదిరోజులకని రాసింది అయిదేళ్ళుగా వాడుతున్నవాళ్ళు మనలో తక్కువేం లేరు.

రాత్రి వేసుకోవచ్చా? వచ్చు. చివరి ముద్ద తిన్నాక మూడు గంటలు దాటాలి, అదే షరతు. తొమ్మిదిన్నరకి భోంచేసి పదిన్నరకి పడుకునే ఇళ్ళలో, పడుకోబోయే ముందు గ్లాసు పాలు తాగే అలవాటున్నచోట, అది సాగదు. ఏడింటికల్లా భోజనం ముగించేవాళ్ళకి బాగానే ఉంటుంది. రంజాన్ ఉపవాసాలుండేవాళ్ళు నెల మొదలవకముందే డాక్టరుతో మాట్లాడి, పడుకునేముందా, సహరీకి అరగంట ముందా అన్నది తేల్చుకోండి.

ఓ రోజు మర్చిపోయారా? గుండె బాదుకోనక్కర్లేదు. ఈ మందు ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది. అదే రోజు కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోండి.

ఇవన్నీ ఏ ఒక్కరోజూ తప్పకుండా జరగాలంటే ఎవరి వల్లా కాదు. ఒక్కటి గుర్తుంచుకోండి. మీ అలవాటు ఎలాంటిదైనా రోజూ ఒకేలా ఉంటే డాక్టరు దానికి తగ్గట్టు డోసు కుదర్చగలరు. సోమవారం పరగడుపున, మంగళవారం ఇడ్లీతో, బుధవారం మధ్యాహ్నం అయితే ఏ డాక్టరూ కుదర్చలేరు.

4. పరీక్ష ఎప్పుడు చేయించారు, ఎలా చేయించారు?

డోసు 50 నుంచి 75కి పెంచారు. పది రోజులకి మనసాగక దగ్గర్లోని ల్యాబుకి వెళ్ళి రక్తమిచ్చారు. టీఎస్‌హెచ్ ఇంకా ఎక్కువే ఉంది. "చూశారా, 75 కూడా పనిచెయ్యలేదు" అని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన 100 రాశారు. రెండు నెలలు తిరిగేసరికి గుండె దడ, చేతుల వణుకు. ఇందులో పొరపాటు ఎక్కడుంది?

థైరాక్సిన్ సగం ఖర్చు కావడానికే దాదాపు వారం పడుతుంది. కొత్త డోసు ఒంట్లో ఒక మట్టానికి రావడానికి అయిదారు వారాలు కావాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళొదిలిన మర్నాడే కాలువ చివరి పొలంలో నిలబడి "ఏవీ నీళ్ళు?" అని అడిగితే ఏం లాభం? డోసు మారాక 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయించండి. అంతకు ముందు చేయిస్తే డబ్బు దండగ, మనసుకి కలవరం.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఇంకోటుంది. మూడు నెలలు ఇష్టమొచ్చినట్టు వేసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన వారం మాత్రం బుద్ధిగా వేసుకుంటారు. రిపోర్టులో టీ4 (అంటే రక్తంలో ఉన్న థైరాక్సిన్) బాగుంటుంది, టీఎస్‌హెచ్ ఎక్కువే ఉంటుంది. అనుభవమున్న డాక్టరు చూడగానే పోల్చేస్తారు. పట్టుకోలేకపోతే మీ డోసు అనవసరంగా పెరుగుతుంది. మాత్రలు మర్చిపోయిన సంగతి చెప్పడానికి సిగ్గుపడకండి. అది దాస్తే ఆ తర్వాత వేసే లెక్కంతా తప్పుతుంది.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? అయితే ఇది శ్రద్ధగా చదవండి. హార్మోను తక్కువైతే జుట్టు రాలుతుంది. జుట్టు రాలితే బయోటిన్ కొంటాం. ఆ బయోటిన్ కొన్ని రకాల ల్యాబు పరీక్షల్ని గందరగోళపెట్టి టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. ఆ కాగితం చూసిన డాక్టరు "డోసు ఎక్కువైంది" అని తగ్గిస్తారు. మీకు నిజంగా కావాల్సింది తగ్గిపోతుంది. నీరసం, జుట్టు, బరువు మూడూ మళ్ళీ మొదటికొస్తాయి. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి. వాడుతున్నట్టు డాక్టరుకీ చెప్పండి.

వీలైనంతవరకు ఒకే ల్యాబు, పొద్దుటి పూట, ఆ రోజు మాత్ర వేసుకోకముందే. సీసా సంచిలో వేసుకెళ్ళి రక్తమిచ్చాక వేసుకోండి.

రిపోర్టు వచ్చాక అంకె పక్కన బొద్దు అక్షరాలు చూసి కంగారుపడకండి, లేవని సంతోషపడిపోకండి కూడా. టీఎస్‌హెచ్ మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉంటే సరే అంటారు. పెద్ద వయసువాళ్ళకి కాస్త ఎక్కువున్నా ఒప్పుకుంటారు. గర్భిణులకి వేరే హద్దులున్నాయి. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి కావాలనే తక్కువగా ఉంచుతారు. అందుకే "వదినా, నీకు 100 ఇచ్చారు, నాకు 50 ఏంటి? నేను మా డాక్టర్ని అడుగుతా" అన్న పోలిక ఎక్కడికీ తీసుకెళ్ళదు. గ్రంథి పూర్తిగా పనిచెయ్యనివాళ్ళకి డోసు కిలోకి 1.6 మైక్రోగ్రాముల లెక్కన మొదలవుతుంది. కొంచెం పనిచేసేవాళ్ళకి అంత అక్కర్లేదు.

5. సీసా వంక ఒకసారి చూడండి

"అక్కా, ఆ కంపెనీది స్టాకు లేదు, ఇది కూడా సేమ్ మందే." మెడికల్ షాపులో ఈ మాట విన్నారా? మందు ఒకటే, నిజమే. కానీ ఒక కంపెనీ మాత్ర నుంచి ఇంకో కంపెనీకి మారితే ఒంటికి పట్టే మోతాదులో చిన్న తేడా రావచ్చు. ఈ మందులో చిన్న తేడా కూడా టీఎస్‌హెచ్‌లో కనిపిస్తుంది. ఎల్ట్రాక్సినో, థైరోనార్మో, థైరాక్సో, ఏది వాడుతుంటే దానికే కట్టుబడండి. మారక తప్పకపోతే ఆ తేదీ రాసుకుని ఆరు వారాలకి పరీక్ష చేయించండి.

అంకె కూడా చదవండి. 12.5 ఉంది, 125 ఉంది. మధ్యలో చుక్క కనిపించకపోతే పది రెట్ల తేడా! రాసిన చీటీ, కొన్న సీసా పక్కపక్కన పెట్టి చూసుకోండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళకి మీరు కొనిస్తున్నప్పుడు.

రోహిణి కార్తెలో సీసాని కిటికీ గట్టు మీద, కారు డాష్‌బోర్డులో, పొయ్యి పక్కన పెడితే మందు బలం తగ్గుతుంది. వేడి, తేమ, వెలుతురు మూడూ దీనికి పడవు. నెలకి సరిపడా మాత్రలు ప్లాస్టిక్ డబ్బాలోకి ఒంపుకోకండి. సీసాలో తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటే దాన్ని పారెయ్యకండి.

6. తగ్గడం కోసం డోసు పెంచుకోకండి

థైరాయిడ్ సారాన్ని మనుషులకి మందుగా ఇవ్వడం 1891లో ఇంగ్లండులో మొదలైంది. ఆ దశాబ్దం పూర్తవకుండానే దాన్ని సన్నబడే మందుగా వాడడం కూడా మొదలైపోయింది! అంటే ఈ దురాశకి నూట ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది. ఇప్పుడు అమెరికాలో ఈ మాత్రలతో పాటు ఇచ్చే సమాచారంలో, ఊబకాయం తగ్గించడానికి దీన్ని వాడకూడదని గడి కట్టి మరీ హెచ్చరిస్తారు.

పెంచితే బరువు తగ్గదా అంటే కొంత తగ్గుతుంది. అందులో కండ కూడా పోతుంది. గుండె లయ తప్పుతుంది, పెద్ద వయసువాళ్ళలో అది పక్షవాతం దాకా తీసుకెళ్ళగలదు. నెలసరి ఆగిన ఆడవాళ్ళకి ఎముకలు గుల్లబారతాయి. నిద్ర పట్టదు, ఆకలి పెరుగుతుంది. ఆ ఆకలితో కొందరు తగ్గాల్సింది పోయి పెరుగుతారు కూడా.

"థైరాయిడ్ సపోర్ట్" అని ఆన్‌లైన్లో అమ్మే క్యాప్సూల్స్‌దీ ఇదే కథ. అమెరికాలో అలాంటివి కొన్ని తెచ్చి పరీక్షిస్తే, పైన చీటీ మీద రాయని థైరాయిడ్ హార్మోనే లోపల దొరికింది. ఇంకొన్నిట్లో సముద్రపు నాచు ఉంటుంది, దాంతో అయోడిన్ అతిగా చేరుతుంది. మీ మాత్ర మీద అవి కలిస్తే మీరు ఎంత డోసు మీద ఉన్నారో ఎవరికీ తెలియదు.

7. చిక్కిపోతుంటే సంబరపడకండి

సిద్దిపేటలో ఓ పెద్దాయన, 66 ఏళ్ళు. మూడు నెలల్లో అయిదు కిలోలు తగ్గాడు. ఇంట్లోవాళ్ళు "గోలీ మంచిగ పనిజేస్తుంది నాయినా" అని మెచ్చుకుంటున్నారు. ఆయనకి మాత్రం రాత్రిళ్ళు నిద్ర లేదు, ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు, చాయ్ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది.

బరువు తగ్గడం అన్నిసార్లూ మంచి గుర్తే అనుకోలేం. ప్రయత్నమేమీ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలో ఒంటి బరువులో 5 శాతం పోతే, అంటే 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు, డాక్టరుకి చూపించుకోవాల్సిందే. దడ, వణుకు, చెమట, పదేపదే విరేచనాలు తోడైతే డోసు ఎక్కువైందేమో చూస్తారు. కూర్చుని ఉన్నా నాడి నిమిషానికి 100 దాటుతోందా? వారం ఆగొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి.

టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండి కూడా చిక్కుతుంటే మాత్రని పక్కనపెట్టి వేరే చోట వెతకాలి. షుగర్ కొత్తగా వచ్చిందా? రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నాయా? మన దేశంలో క్షయ సంగతి మర్చిపోకూడదు. అరుదైనదే అయినా తెలిసి ఉండాల్సింది ఇంకోటుంది. థైరాయిడ్‌ని దెబ్బతీసిన ఒంటి రక్షణ వ్యవస్థ కొందరిలో మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథుల్ని కూడా దెబ్బతీస్తుంది. బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, వాంతులు, ఉప్పు మీద విపరీతమైన యావ, చర్మం నల్లబడడం దాని గుర్తులు. అలాంటివాళ్ళకి థైరాయిడ్ మాత్ర పెంచితే ప్రాణం మీదికొస్తుంది. సొంతంగా డోసు మార్చొద్దని అంత గట్టిగా చెప్పేది ఇందుకు కూడా.

కావాలనే తగ్గినవాళ్ళకీ ఒక మాట. డైటింగ్ చేసో, ఆపరేషన్ చేయించుకునో, ఇప్పుడు వస్తున్న ఇంజెక్షన్లు వాడో 10, 15 కిలోలు తగ్గితే, పాత బరువుకి సరిపోయిన థైరాక్సిన్ ఇప్పుడు ఎక్కువ కావచ్చు. పరీక్ష చేయించండి. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్‌ని ఇంజెక్షన్‌గా కాకుండా మాత్రగా వాడేవాళ్ళకి ఇంకో పేచీ ఉంది. అదీ పరగడుపునే వేసుకోవాలి, అరగంట దాకా వేరే ఏ మాత్రా కలపకూడదు. పైగా అది రక్తంలో థైరాక్సిన్‌ని 33 శాతం దాకా పెంచగలదని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంది. ఏది ముందో, ఏది ఎప్పుడో రాసిన డాక్టరునే అడగండి.

8. మాత్రది తప్పు కాకపోతే ఇంకెవరిది?

టీఎస్‌హెచ్ బాగుంది, మాత్ర వేసుకునే తీరూ బాగుంది, అయినా పెరుగుతున్నారు. మందుల పెట్టె బోర్లించి చూడండి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, పయోగ్లిటజోన్, మూర్ఛకి ఇచ్చే వాల్‌ప్రోయేట్, మనసు జబ్బులకి వాడే ఒలాంజపైన్, ఇవన్నీ బరువు పెంచేవే. ఏదీ సొంతంగా ఆపకండి, పట్టికలో రాసుకోండి చాలు. ఊళ్ళో మోకాళ్ళ నొప్పులకి పొట్లంలో కట్టిచ్చే పేరులేని మాత్రలు కూడా ఆ పట్టికలో ఉండాలి. మొహం గుండ్రమై, పొట్ట పెరిగి, నొప్పి మాత్రం మంత్రం వేసినట్టు పోయిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. అలాంటివి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, డాక్టరు చేతిలో పెట్టి అడగండి.

గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టారా? వాటిలోని ఈస్ట్రోజన్ వల్ల థైరాక్సిన్ అవసరం పెరగొచ్చు. నెల తప్పిందా? బరువు గురించి ఆలోచించకముందే పరీక్ష చేసుకుని, గర్భమని తేలిన రోజే డాక్టరుకి ఫోను చెయ్యండి. గర్భంలో డోసు సాధారణంగా 25, 30 శాతం పెంచుతారు, అదీ తొలి వారాల్లోనే. తొమ్మిదో నెలలో తీరిగ్గా చెప్పే సంగతి కాదు.

ముందు థైరాయిడ్ ఎక్కువై, ఆపరేషనో రేడియో అయోడినో అయ్యి, ఇప్పుడు థైరాక్సిన్ మీద ఉన్నవాళ్ళ సంగతి వేరు. జబ్బు రోజుల్లో మూడు పూటలా కడుపునిండా తిన్నా చిక్కిపోయేవాళ్ళు. ఇప్పుడు ఒళ్ళు మామూలైంది, చెయ్యి మాత్రం పాత లెక్కలోనే వడ్డించుకుంటోంది. పోయిన బరువు తిరిగి రావడం ఆరోగ్యమే. అక్కడితో ఆగకపోతే కంచం వంక చూసుకోవాలి.

9. తిండి గురించి రెండే మాటలు

థైరాయిడ్‌కి పడవని క్యాబేజీ, కాలీఫ్లవర్ ఇంట్లోకే రానివ్వకుండా, వాటి బదులు బంగాళాదుంప వేపుడు చేసుకుంటున్నవాళ్ళు ఎందరో! ఉడికించి మామూలుగా తింటే మాత్ర వేసుకునేవాళ్ళకి వాటితో చిక్కేమీ లేదు, హాయిగా తినండి. ఆ శ్రద్ధ నూనె మీద పెట్టండి. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలుంటాయి. పోపులో, వేపుడులో, పొడి కలుపుకునేటప్పుడు, పచ్చడి మీద, ఇలా రోజుకి ఎన్ని చెంచాలు పడుతున్నాయో ఒక్కరోజు లెక్క చూడండి. ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, ఊరగాయ పెట్టే ఇంట్లో ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది. నడక సరే, దాంతోపాటు వారానికి రెండు మూడుసార్లు కండకి పని చెప్పే వ్యాయామం కావాలి. హార్మోను తక్కువగా ఉన్న రోజుల్లో నీరసంతో కూర్చున్నప్పుడు మెత్తబడింది ఆ కండే.

10. డాక్టరు గదిలో ఉండేది అయిదు నిమిషాలే

ఆ అయిదు నిమిషాల్లో "బరువు తగ్గడం లేదు సార్, డోసు పెంచండి" అని మొదలుపెడితే మాట పక్కదారి పడుతుంది. సీసాతో సహా వెళ్ళండి. ఒక తెల్ల కాగితం మీద ఇవి రాసుకోండి: వారం వారం బరువు, మాత్ర వేసుకునే వేళ, ఆ తర్వాత ఎంతసేపటికి ఏం తాగుతున్నారు, కంపెనీ మారిన తేదీ, నెలలో ఎన్నిసార్లు మర్చిపోయారు, మిగతా మందులన్నీ, పాత టీఎస్‌హెచ్ అంకెలు తేదీలతో. డాక్టరు పది ప్రశ్నలు వేసి రాబట్టాల్సింది ఆ కాగితం ఒక్క చూపులో చెప్పేస్తుంది.

అప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. "నా టీఎస్‌హెచ్ మీరు ఉండాలనుకున్న చోటే ఉందా?" లేదంటే డోసు సంగతి వాళ్ళే చూస్తారు, మీరు 6 వారాల తర్వాతి తేదీ రాసుకుని రండి. ఉందంటే రెండోది: "అయితే ఈ బరువుకి ఇంకేం వెతుకుదాం?" షుగర్, పీసీఓడీ, రక్తహీనత, రాత్రి గురకతో చెడుతున్న నిద్ర, వేరే మందులు, మెనోపాజ్. మీ విషయంలో వీటిలో ఏది ముందు చూడాలో అక్కడే అడిగి రాయించుకోండి. మళ్ళీ ఎప్పుడు రావాలో కూడా.